పదకొండు ఫోన్ల ముందు ఆరు నెలలు

(మొబైల్ గేమ్‌ల రంగంలో చదువు, పని గురించి పాఠకులు అడిగినవి. జవాబులిచ్చేది హిందూపురం నుంచి వచ్చి తొమ్మిదేళ్లుగా బెంగళూరులో గేమ్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్న మన కాలమిస్టు.)

అక్కా, మాది అనంతపురం. యలహంక దగ్గర బీటెక్ మూడో ఏడాది చదువుతున్నా. గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో రెండు గేమ్‌లు మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఇప్పుడు రెండు ఇంటర్న్‌షిప్‌లు చేతిలో ఉన్నాయి. ఒకచోట 18 వేలు కడితే రెండు నెలలు నేర్పించి 'గేమ్ డెవలపర్' అని సర్టిఫికెట్ ఇస్తారట. రెండోది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిన్న స్టూడియో. ఆరు నెలలు టెస్టింగ్ పని, నెలకు 10 వేలు ఇస్తారు. టెస్టింగ్‌లో చేరితే ఇక టెస్టర్‌గానే మిగిలిపోతావని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. — ఎస్., బెంగళూరు

ముందు ఆ 18 వేలు జాగ్రత్తగా దాచుకో తమ్ముడూ. పని చేయించుకునేవాళ్లు మనకు డబ్బివ్వాలి. మన దగ్గర తీసుకునేవాళ్లు నడిపేది కోచింగ్ సెంటర్. కోచింగ్ తప్పేం కాదు, కాకపోతే బోర్డు మీద ఆ మాటే రాసుకోవాలి.

ఈ విషయంలో నేను కాస్త కటువుగానే మాట్లాడతాను, ఎందుకంటే నేనూ మునిగినదాన్నే. నీలాగే మూడో ఏడాదిలో, అమ్మ చీటీ పాడిన డబ్బులోంచి 12 వేలు తీసి మారతహళ్లిలో ఒకచోట కట్టాను. నలభై మందిమి ఉండేవాళ్లం. యూట్యూబ్‌లో ఊరికే దొరికే పాఠాన్నే ప్రొజెక్టర్ మీద వేసేవారు. చివరికి నలభై మందీ చేసింది ఒకే గేమ్: గెంతే బంతి. తర్వాత ఒక ఇంటర్వ్యూలో నా బంతిని చూపిస్తే, "ఈ వారంలో ఇది మూడో బంతి" అన్నాడాయన. నవ్వలేదు, పాపం.

ఇక టెస్టింగ్ సంగతి. నా మొదటి నిజమైన ఇంటర్న్‌షిప్ అదే. కోరమంగలలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. టేబుల్ మీద పదకొండు ఫోన్లు, సగానికి పైగా 2 జీబీ ర్యామ్‌వి. రోజూ సాయంత్రం కొత్త బిల్డ్, అంటే ఆ రోజు మార్పులతో తయారైన గేమ్, వచ్చేది. దాన్ని అన్నింట్లో ఎక్కించి ఆడాలి. సరదాగా ఆడటం కాదు, అదే లెవెల్‌ను నలభైసార్లు ఆడాలి. రెండు వారాలకే విసుగొచ్చింది.

ఒకరోజు గేమ్‌లో వీడియో ప్రకటన చూస్తే వంద నాణేలు వచ్చే చోట ఉన్నాను. ప్రకటన నడుస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి వెనక్కి వస్తే రెండొందలు ఉన్నాయి. అనుమానమొచ్చి అమ్మను మళ్లీ చేయమన్నా. మళ్లీ రెండొందలే. "ఏం తిన్నావే" అంటూ ఆ సాయంత్రం ఆమె ఆరుసార్లు ఫోన్ చేసింది. అది బగ్, అంటే గేమ్‌లో తప్పు, అని రాసి పెట్టాక, ప్రోగ్రామర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ తెరిచాడు. ఫోన్ రాగానే గేమ్ ఆగుతుంది, కాల్ అయ్యాక మళ్లీ లేస్తుంది. ఆ లేచే చోట నాణేలిచ్చే కోడ్ రెండోసారి నడుస్తోంది. మూడేళ్లు క్లాసులో కూర్చున్నా, కోడ్ అంటే ఏమిటో నాకు ఒంటబట్టింది ఆ అరగంటలోనే.

ఫోన్‌లో గడియారం ముందుకు జరిపి ప్రాణాలు నింపుకోవచ్చా? నెట్ పోయినప్పుడు కొన్న వస్తువు ఎక్కడికి పోతుంది? ఇలాంటివి నేర్పే సిలబస్ నేనెక్కడా చూడలేదు.

ముద్ర పడటం గురించి నీ ఫ్రెండ్స్ అన్నదాంట్లో కొంత నిజముంది. అడక్కుండా కూర్చుంటే ఆరు నెలలూ ఫోన్లు తుడుచుకుంటూనే ఉంటావు. నేను నాలుగో నెలలో చిన్న చిన్న బగ్‌లు నేనే సరిచేస్తానని అడిగాను. మొదట ఇచ్చింది నాణేలు ఎగిరే బొమ్మ. ప్రతిసారీ కొత్త నాణెం పుట్టించి, వెంటనే చంపేసేవారు. ఆ చెత్తను మెమరీలోంచి ఊడ్చేటప్పుడు చవక ఫోన్లు గుక్క పట్టేవి. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే, అంటే 60 ఫ్రేములు కావాలంటే, ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.6 మిల్లీసెకన్లే కదా. ఇరవై నాణేలు ముందే చేసి పెట్టుకుని, వాటినే తిప్పి తిప్పి వాడితే గుక్క ఆగింది. దీన్ని పూలింగ్ అంటారు. వంట చేసిన ప్రతిసారీ కొత్త గిన్నెలు కొనం కదా, అంతే.

అందుకని చేరేముందు ఆ స్టూడియోవాళ్లను ఒక్కటే అడుగు: నేను రాసిన బగ్‌ను సరిచేసేటప్పుడు పక్కన కూర్చోనిస్తారా? సరే అంటే వెంటనే చేరు. నసిగితే ఇంకో చోటు చూసుకో. ఆఫర్ లెటర్‌లో ఇంకో వాక్యం కూడా వెతుకు. అక్కడ ఉన్నన్నాళ్లూ నువ్వు ఇంట్లో చేసుకున్న గేమ్ కూడా వాళ్లదే అని రాసి ఉంటే, దాన్ని తీయమని మర్యాదగా అడుగు. ఆరు నెలలంటే ఒక సెమిస్టర్ మొత్తం. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి రాకుండా అక్కడ పీజీ గదికి అడ్వాన్స్ కట్టకు.

ఈలోగా ఆ రెండు సగం గేమ్‌లలో ఒకటి పూర్తి చెయ్. ప్లే స్టోర్‌లో పెట్టడానికి డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. సొంత పేరు మీద కొత్త ఖాతా అయితే ముందు 12 మందితో వరుసగా 14 రోజులు టెస్ట్ చేయించాలి. హాస్టల్లో ఉన్నావుగా, మనుషులకు కరువేం లేదు. ఇంకో మాట, ఆ గేమ్ తెలుగులో చెయ్. యూనిటీలో అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు పెడితే ఒత్తు అక్షరం కిందికి చేరదు, 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. దాన్ని ఎలా దాటావో ఇంటర్వ్యూలో చెప్పు. బంతి గెంతించడం అందరికీ వచ్చు.

మా అబ్బాయి బెంగళూరులో గేమ్ కంపెనీలో ట్రైనింగ్‌కు పోతానంటున్నాడు. గేమ్‌లంటే ఫోన్‌లో రమ్మీ, బెట్టింగే కదమ్మా? మా బంధువొకాయన వాటిల్లో ఎకరం పొలం పోగొట్టుకున్నాడు. — ఒక తండ్రి, మదనపల్లె

నమస్కారమండీ. మీ భయం న్యాయమైనదే. అయితే ఇవి రెండు వేరువేరు వ్యాపారాలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమన్నా అదృష్టమన్నా తేడా లేకుండా, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆ దెబ్బకు ఆ కంపెనీలలో చాలామంది పిల్లల ఉద్యోగాలు పోయాయి. మీవాడు చేరబోయే కంపెనీకి డబ్బు ఎలా వస్తుందో వాడినే అడగండి. ప్రకటనల వల్ల, గేమ్‌లో అమ్మే చిన్న వస్తువుల వల్ల అంటే అది మామూలు వినోదం గేమ్. జవాబు చెప్పలేకపోతే వాడే ఇంకా కనుక్కోలేదన్నమాట.

బెంగళూరుకు ఈ పని కొత్త కాదు. ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ కంపెనీ ఇక్కడ 1997లోనే మొదలైంది, మీ అబ్బాయి పుట్టకముందే అనుకుంటాను. 2019లో దాన్ని రాక్‌స్టార్ అనే పెద్ద విదేశీ గేమ్ కంపెనీ కొనుక్కుంది. అలాగని ఇది గవర్నమెంటు ఉద్యోగమంత స్థిరమని చెప్పను. ఏడాది కష్టపడ్డ గేమ్‌ను విడుదల కాకముందే ఆపేయడం నేను రెండుసార్లు చూశాను. మా నాన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో నా ఉద్యోగాన్ని "కంప్యూటర్ పని" అని దాటేస్తారు. జీతం వస్తోంది కాబట్టి నేనూ సరిదిద్దను.

నేను బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) చదువుతున్నాను. గేమ్ ఆర్ట్ ఇంటర్న్‌షిప్‌కు నా దగ్గరున్న 60 బొమ్మలూ పంపొచ్చా? — కె., కుప్పం

ఎనిమిది చాలమ్మా. అందులో కనీసం రెండు బటన్లు, ఐకాన్లు ఉండాలి. వాటిని గోరంత సైజుకు తగ్గించి, ఎండలో నిలబడి ఫోన్‌లో చూడు. ఏ బొమ్మేదో తెలియకపోతే మళ్లీ గీయి. జిప్ ఫైల్ పంపకు, లింక్ పంపు. ఆ లింక్ నీ ఫోన్‌లో ఎలాగూ తెరుచుకుంటుంది, ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా తెరుచుకుంటుందో లేదో చూసుకో.