గుర్తులేని తేదీ రాయకు తల్లీ

తల్లీ,

మీ నాయన డిసేబిలిటీ పెన్షన్ కోసం నువ్వు కేసు వేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆర్మీ రికార్డ్ ఆఫీసు నుంచి "డాక్యుమెంట్లు ధ్వంసం చేశాం" అని ఉత్తరం వచ్చిందట, అయినా నువ్వు ఆగేది లేదన్నావట. చాలా గర్వంగా అనిపించింది, కానీ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మీ నాయన ఇన్నేళ్లూ ఎవరినీ ఏమీ అడగకుండా, ఫిట్స్ మందులు సొంత డబ్బుతో కొనుక్కుంటూ బతికాడు. నేనెప్పుడు ఈ మాట ఎత్తినా "వద్దులే అన్నా" అని లేచి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు ఒప్పుకున్నాడంటే నీ మీద నమ్మకంతోనే. ఓడిపోతే ఆ మనిషి ఇంకోసారి ముడుచుకుపోతాడని నా భయం. యూనిట్‌లో క్లర్కుగా నా సర్వీసంతా ఈ కాగితాల మధ్యే గడిచింది కాబట్టి తెలిసింది రాస్తున్నాను, పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఆ ఉత్తరం సంగతి. పెన్షన్ రాని వాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు ఉంచి తర్వాత తీసేయొచ్చని ఆర్మీ రెగ్యులేషన్స్‌లోనే ఉంది, పేరా 595. మీ నాయన ఇంటికొచ్చింది 1992లో కాబట్టి రూలు ప్రకారమే పోయాయి, తిట్టుకుని లాభం లేదు. కానీ లాంగ్ రోల్ అని ఇంకో రిజిస్టర్ ఉంటుంది, దాన్ని తీసేయరు. అందులో మనిషికి నాలుగు ముక్కలే ఉంటాయి, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వెళ్లాడు, ఏ కారణంతో వెళ్లాడు అని. ఆ కారణమే మనకు కావాలి. ఆర్మీ రూల్ 13(3) కింద సర్వీసుకు మెడికల్‌గా అన్‌ఫిట్ అని ఇంటికి పంపారని ఆ ఒక్క లైన్లో ఉంటే కేసుకు కాళ్లు వచ్చినట్టే. సొంత కోరిక మీద వెళ్లాడని ఉంటే దారి వేరు, అప్పుడు నన్ను అడగకుండా ఏమీ పంపకు.

ఎందుకంటే 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట అంది. జబ్బు కారణంగా సర్వీసు నుంచి పంపేశారంటే అతని వైకల్యం 20 శాతం కంటే ఎక్కువే ఉందని అనుకోవాలి అని. మెడికల్ బోర్డు కాగితం పోయి ఎంత శాతమో తెలియని మనలాంటి వాళ్లకు ఇది పెద్ద ఆసరా. దానికి ముందు ఏడాది ధరమ్‌వీర్ సింగ్ కేసు చదువు, ఆయనది కూడా ఫిట్సే. చేరేటప్పుడు జబ్బున్నట్టు నోట్ చేయకపోతే అది సర్వీసులోనే వచ్చినట్టు లెక్క, కాదని నిరూపించాల్సింది వాళ్లు, జవాను కాదు అని ఆ తీర్పు.

మీ నాయనకు చేరేటప్పుడు ఏ జబ్బూ లేదు, నాకు తెలుసు. లీవులో వచ్చి నేనే వాణ్ణి భర్తీకి తీసుకెళ్లాను. మైలు పరుగులో ముందు వచ్చి, ఆయాసం కూడా లేకుండా నవ్వుతూ నిలబడ్డాడు. మా అమ్మ నాతో మాట్లాడలేదు, ఒకణ్ణి పంపింది చాలదా, రెండోవాణ్ణి కూడా తీసుకుపోతున్నావా అని. అది నా మనసులో ఎప్పుడూ ఉంటుంది.

ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, మీ నాయన సంతకంతోనే వేయి, నీ పేరుతో వేస్తే వేరేవాళ్ల సమాచారం అని ఆపేస్తారు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టు. లాంగ్ రోల్ నకలు, కాగితాలు ఏ తేదీన ఏ ఉత్తర్వుతో ధ్వంసం చేశారో ఆ బోర్డు ప్రొసీడింగ్స్ నకలు అడుగు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వేయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మన గిద్దలూరు వైపు నా బ్యాచ్‌వాడు ఒకడుండేవాడు. నడుం విరిగి ఇంటికొచ్చాడు, దెబ్బ నిజం, డ్యూటీలో తగిలిందీ నిజం. ట్రైనింగ్ ఎక్సర్‌సైజ్‌లో బండి బోల్తా పడింది. చాలా ఏళ్లు ఆగి పెన్షన్ అడిగితే నీకు వచ్చినట్టే కాగితాలు లేవని ఉత్తరం వచ్చింది. ఎవరో మధ్యవర్తి, "కాగితాలే లేవంటే మనం ఏం రాసినా కాదనేవాడు లేడు" అన్నాడట. దాంతో దెబ్బ శ్రీలంకలో, ఆపరేషన్ పవన్‌లో తగిలిందని అఫిడవిట్ రాయించి, ఒక తేదీ కూడా వేయించాడు. ఆ తేదీ వాడికి గుర్తుండి వేసింది కాదు, యుద్ధం పేరుంటే బరువుంటుందని ఊహించి వేసింది. ఇద్దరు సాక్షుల చేత కూడా అవే మాటలు టైప్ చేయించి సంతకాలు పెట్టించాడు. తీరా చూస్తే షీట్ రోల్, అంటే వాడి సర్వీసు రికార్డు, పోయినా యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ నకలు ఒకటి ఎక్కడో మిగిలింది, లీవు, ఆస్పత్రి, మెడికల్ కేటగిరీ మార్పు అన్నీ అందులో పబ్లిష్ చేస్తాం కదా. ఆ తేదీకి వాడు యాన్యువల్ లీవులో ఇంట్లో ఉన్నాడు. అంతే, ఆ ఒక్క కాగితంతో నడుం దెబ్బ కూడా అబద్ధమైపోయింది. బయటికొచ్చాక వాడు నాతో అన్నది ఒకటే, నేను దొంగను కాదు కదరా అని. శాంతి ప్రాంతంలో డ్యూటీ మీద తగిలిన దెబ్బకు కూడా హక్కు ఉంది తల్లీ, వాడు ఉన్నదున్నట్టు రాసుంటే చాలేది. ఆ మధ్యవర్తి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

అందుకే చెబుతున్నా, ఖాళీలను ఊహలతో నింపకు. ఫిట్స్ వచ్చిన మనిషికి పడిపోయిన సంగతి చాలాసార్లు గుర్తుండదు, ఆ జబ్బే అంత. "పడటం గుర్తులేదు, ఆస్పత్రిలో తెలివొచ్చింది, పక్కవాళ్లు చెప్పారు" అని మీ నాయన ఎలా చెబితే అలాగే రాయి. నెల తెలియకపోతే "చలికాలం" అను. సాక్షులు ఎవరు చూసింది వాళ్లే, వాళ్ల మాటల్లోనే రాయాలి. అందరి అఫిడవిట్లు ఒకేలా ఉంటే జడ్జీకి తెలిసిపోదా?

మిగతా కాగితాలు వేరే వాళ్ల దగ్గర దొరుకుతాయి. డిశ్చార్జి బుక్ ఉందా? ఒంగోలు సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకున్నప్పటి కార్డు అడుగు. ఆర్టీసీలో ఎక్స్ సర్వీస్‌మెన్ కోటాలో చేరాడు కదా, అప్పుడు ఇచ్చిన అటెస్టెడ్ కాపీలు ఆయన సర్వీసు ఫైల్లో ఉండొచ్చు, ఇది చాలామందికి తట్టదు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ నుంచి డిసేబిలిటీ డబ్బు వచ్చిందేమో 1992, 93 పాస్‌బుక్కుల్లో చూడు. మీ నాయనమ్మ ట్రంకుపెట్టెలో 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) ఉత్తరాలు ఉండాలి, లేహ్ ఆస్పత్రి వార్డు నుంచి మీ నాయన రాసింది ఒకటి నేనే చదివి వినిపించాను. పోస్టుమార్కు ఉన్న కవర్లు పారేయకండి, తేదీ అక్కడే ఉంటుంది. మందుల చీటీలు కూడా దాచు, సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ మళ్లీ మెడికల్ బోర్డు పెట్టమంటే అవసరం పడతాయి.

తర్వాత రికార్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో అర్జీ పెట్టు. ఆరు నెలల్లో జవాబు రాకపోయినా, కాదన్నా చెన్నై ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, ఆంధ్రా, తెలంగాణ కేసులు అక్కడికే. ఆలస్యమైందని భయపెడతారు. పెన్షన్ నెలనెలా నడిచే హక్కు, కానీ బకాయి మాత్రం మామూలుగా కేసు వేసిన రోజుకు ముందు మూడేళ్లదే ఇస్తారు, 2008 తర్సేమ్ సింగ్ తీర్పు అది. అంటే నువ్వు ఆలస్యం చేసే ప్రతి నెలా ఒక నెల డబ్బు పోతుంది. రేపు రేపు అంటే నేను ఊరుకోను. వైకల్యం 20 శాతం నుంచి 50 లోపు ఉంటే 50 శాతం లెక్కన ఇస్తారు, లాయరుకు అది కూడా గుర్తుచెయ్యి.

మీ నాయన్ని ప్రశ్నలతో కూర్చోబెట్టి అలిసిపోయేలా చేయకు. నిద్ర తక్కువైతే ఫిట్స్ వస్తాయి, పొద్దున టిఫిన్ తిన్నాక కాసేపు అడుగు, గుర్తురాలేదంటే వదిలెయ్యి. ఒరిజినల్ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకు, లాయరుకైనా జిరాక్సే. లామినేషన్ చేయించొద్దు, పాత కాగితం పాడైపోతుంది. మీ నాయన బ్యాచ్‌వాళ్లలో ఇద్దరి నంబర్లు నా దగ్గరున్నాయి, ముందు నేను మాట్లాడి నీకు ఇస్తాను. అఫిడవిట్ రాశాక టైపిస్టు దగ్గరికి వెళ్లకముందే నాకు ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న