కోల్‌కతా తారాతలాలో మెరైన్ ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్న మా చెల్లెలి కూతురికి

చిరంజీవి హారికకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూసిన రోజే మీ నాన్న కూడా ఫోన్ చేశాడు. ఇద్దరూ అడిగింది ఒకటే, మాటలే వేరు. "కంపెనీలు ఆడపిల్లల్ని తీసుకోవట కదా పెద్దమ్మా, మరి నేనెందుకు చదువుతున్నట్టు?" అని నువ్వు. "వదినా, పాసైన సీనియర్ అమ్మాయి ఇంకా ఇంట్లోనే కూర్చుందట, దీన్ని మెల్లగా ఎంటెక్కులోకి మళ్ళించేద్దామా?" అని ఆయన. తొందరపడొద్దని ఆయనకి ఫోన్లోనే చెప్పేశాను. నీకు మాత్రం వివరంగా రాయాలి. నీ భయంలో సగం నిజముంది మరి.

కాలేజీ గేటు దగ్గర ఇప్పుడు ఆడపిల్లకి అడ్డు లేదు. మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో, అంటే సెట్‌లో ర్యాంకు తెచ్చుకుంటే సీటు వస్తుంది, వయసు పరిమితిలో రెండేళ్ళ సడలింపు కూడా ఇస్తున్నారు. ఆఫీసరయ్యాక జీతంలోనూ తేడా ఉండదు, ర్యాంకును బట్టి డాలర్లు. ఇరుకంతా ఈ రెంటి మధ్యలోనే ఉంది. డిగ్రీ చేతికొచ్చాక ట్రైనీగా ఆరు నెలల సీ టైమ్, అంటే నడిచే ఓడ మీద పని దొరకాలి. అది లేనిదే క్లాస్ ఫోర్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఓడ ఇంజనీరు టికెట్లలో, అంటే సర్టిఫికెట్లలో అది మొదటి మెట్టు, క్లాస్ వన్ పై మెట్టు. క్లాస్ ఫోర్ టికెట్ లేని మెరైన్ బీటెక్‌ని బయట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీ సీనియర్ ఇరుక్కున్నది అక్కడే. నువ్వు ఇంకా మూడో ఏడులోనే ఉన్నావు కాబట్టి, ఇప్పట్నించీ చేసే ప్రతి పనీ ఆ ఆర్నెల్ల కోసమే అనుకో.

నువ్వు కూర్చున్న ఆ తారాతలా క్లాసు గదుల్లోనే 1995లో సోనాలీ బెనర్జీ చేరింది. దాదాపు పదిహేను వందల మంది మగ క్యాడెట్ల మధ్య ఒక్కతే. 1999లో బయటికొచ్చి దేశంలో మొదటి మహిళా మెరైన్ ఇంజనీరయింది. ఆ దారిన పోయినవాళ్ళు తక్కువే అనుకో. 2021లో ఓడల కంపెనీల అంతర్జాతీయ సంఘాలు బిమ్కో, ఐసీఎస్ కలిసి వేసిన లెక్కలో ప్రపంచం మొత్తమ్మీద ఓడల్లో పనిచేసే ఆడవాళ్ళు 24,059 మంది, నూటికి 1.28. కానీ అదే లెక్క ప్రకారం 2015తో పోలిస్తే అది 45 శాతానికి పైగా పెరుగుదల. మీ నాన్నకి మొదటి అంకె తెలిస్తే ఎంటెక్ అంటాడు. రెండోది కూడా చెప్పు.

ఇప్పుడు పని సంగతి. అన్ని కంపెనీలకీ ఒకేలా అప్లికేషన్ పడేసి కూర్చోవద్దు. ఏ కంపెనీ ఓడల మీద ఇప్పటికే ఆడ ఇంజనీర్లు తిరుగుతున్నారో కనుక్కో. ఒకసారి తీసుకున్నవాళ్ళు మళ్ళీ తీసుకుంటారు. ఎప్పుడూ తీసుకోనివాళ్ళు "మా దగ్గర సదుపాయాలు లేవమ్మా" అని మర్యాదగా పంపేస్తారు. మేర్స్క్ 2022లో మన దేశంలో "ఈక్వల్ ఎట్ సీ" అని మొదలుపెట్టి క్యాడెట్లలో అమ్మాయిల్ని పెంచుతోంది. షిప్పింగ్ కార్పొరేషన్ 2021 మార్చిలో స్వర్ణ కృష్ణ అనే ట్యాంకర్ని ఆఫీసర్లందరూ ఆడవాళ్ళే అయ్యేలా పంపింది. మన దేశంలో ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ 2024లో "సాగర్ మే సమ్మాన్" పేరుతో ఆడవాళ్ళ కోసం ఒక విధానమే తెచ్చింది. ఇంటర్వ్యూలో ఆ మాట ఎత్తు. ఆ కాగితం చదివిన పిల్ల అని వాళ్ళకి తెలియడం మంచిదే. విస్టా ఇండియా అని షిప్పింగ్‌లో ఉన్న ఆడవాళ్ళ సంఘం ఉంది, వాళ్ళ మీటింగులకి వెళ్ళు. అక్కడ ఉద్యోగం ఇప్పిస్తారని చెప్పను. నాలా ఒడ్డునుంచి ఓడల ఇంజన్ల బాగోగులు చూసే సూపరింటెండెంట్లలో ఏ కంపెనీవాడు మంచివాడో మాత్రం అక్కడే తెలుస్తుంది.

బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా ఉంచుకోకు. అబ్బాయికైతే చూసీచూడనట్టు పోతారేమో, నీ విషయంలో వద్దనడానికి సాకు దొరికినట్టే.

ఇంటర్వ్యూలో పెళ్ళెప్పుడని అడుగుతారు. నన్ను ఒక కంపెనీలో ముగ్గురు పెద్దమనుషులు వరసగా అడిగారు, ఒకరి తర్వాత ఒకరు, ఇంజను గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా. కోపం తెచ్చుకోకు, కథలూ చెప్పకు. "సైన్ ఆన్ చేసిన కాంట్రాక్టు పూర్తి చేసే దిగుతానండీ" అను. వాళ్ళ భయం అసలు అదే, మధ్యలో మనిషి దిగిపోతే బదులు మనిషిని పంపడానికయ్యే ఖర్చు.

ఏజెంట్ల గురించి గట్టిగా చెబుతున్నాను. షిప్పు చూపిస్తామని లక్షలు అడిగేవాళ్ళు వైజాగ్‌లోనూ ఉన్నారు, కోల్‌కతాలో అయితే మీ కాలేజీ చుట్టుపక్కలే తిరుగుతుంటారు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని అంతర్జాతీయ ఒప్పందమే ఉంది, ఎంఎల్‌సీ 2006. డీజీ షిప్పింగ్ లైసెన్సు, అంటే ఆర్పీఎస్ఎల్ నంబరు ఉందో లేదో వాళ్ళ సైట్లోనే చూసుకోవచ్చు. నంబరు లేనివాడి టీ కూడా తాగొద్దు. మీ నాన్న మెత్తటి మనిషి, ఎవడైనా "నేను చూసుకుంటాను సార్" అంటే నమ్మేస్తాడు. ఈ పేరా ఆయనకి చదివి వినిపించు.

ఇంజన్ రూమ్‌లో నిలబడగలనా అని అడిగావు. వేడి నలభై, నలభై అయిదు డిగ్రీలు ఉంటుంది, చెవులకి మఫ్స్ లేకుండా నిలబడలేం. అది ఎవరికైనా ఒకటే. బరువులంటావా, పిస్టన్‌ని చేతుల్తో ఎత్తేవాడు ఇంతవరకూ పుట్టలేదు, పైన క్రేన్ ఉంటుంది. పెద్ద బోల్టులకి హైడ్రాలిక్ జాక్‌లు, మిగతావాటికి చెయిన్ బ్లాకు. బలం చాలని చోట తెలివి వాడడం మగవాళ్ళూ మూడో కాంట్రాక్టుకి గానీ నేర్చుకోరు, మనకి మొదటి రోజే తప్పదు.

ఎక్కిన మొదటి నెల్లో నిన్ను ఎవరూ పెద్ద పనికి పిలవరు. ఆ నెల పైపులు వెతుక్కో. ఫ్యూయెల్ లైను, అడుగున చేరే మురికి నీటి బిల్జ్ లైను, ఓడ నిలకడకి నింపే నీటి బ్యాలస్ట్ లైను, కూలింగ్ వాటర్, ఒక్కొక్కటీ పంపు దగ్గర మొదలుపెట్టి వాల్వు వాల్వుకీ చెయ్యి పెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళి జేబు పుస్తకంలో బొమ్మ గీసుకో. డ్రాయింగులో ఉన్నది అలాగే ఉంటుందని నమ్మకు, పాత ఓడల్లో ఎవరెవరో పైపులు మార్చేసి ఉంటారు. తర్వాత నూనెలోంచి నీళ్ళూ మడ్డీ వేరుచేసే ప్యూరిఫయర్ విప్పేటప్పుడు పక్కన నిలబడు. దాని బౌల్ మీద లాక్ రింగ్‌కి ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. అది తెలియక సుత్తితో రెండో వైపు బాదిన కుర్రాళ్ళని చూశాను. లోపల డిస్కులన్నీ దొంతరగా ఉంటాయి, వరస తప్పకుండా తీసి కడిగి అదే వరసలో పెట్టాలి. మార్కుకి మార్కు కలవాలి. ఒక్కసారి అది నీ చేత్తో విప్పి బిగించి, నూనె కారకుండా నడిపి చూపించావంటే సెకండ్ ఇంజనీరు నిన్ను చూసే చూపు మారుతుంది. అప్పట్నించి నువ్వు "లేడీ ట్రైనీ"వి కావు, పని వచ్చిన ట్రైనీవి. నేర్చుకున్న పనులు రాసే శిక్షణ పుస్తకం, అదే టార్ బుక్కులో సంతకాలు ఏ రోజువి ఆ రోజే పెట్టించుకో. చివరి వారం పుస్తకం పట్టుకుని వెంటపడితే ఎవరూ చదివి పెట్టరు, పరీక్షలో అది బయటపడుతుంది.

ఇక అన్నిటికంటే నేను భయపడేది ఒక విషయంలో. మన ఆడపిల్లలకి మొదటి ఓడ మీద నిరూపించుకోవాలనే తపన ఎక్కువ. "నీ వల్ల కాదులే" అని ఎవడో అంటాడు, వీళ్ళు ముందుకి దూకుతారు. ట్యాంకులోకో, ఇంజను సిలిండర్లకి గాలి అందించే స్కావెంజ్ స్పేస్‌లోకో, మూసి ఉన్న ఏ చోటికైనా సరే, పర్మిట్ రాయకుండా, గాలి కొలవకుండా, బయట ఒక మనిషి నిలబడకుండా దిగొద్దు. మీటర్లో ఆక్సిజన్ 20.9 శాతం చూపించాలి. తుప్పు పట్టిన ట్యాంకులో ఆ తుప్పే ఆక్సిజన్ని తాగేస్తుంది, వాసనా రాదు, దగ్గూ రాదు, మనిషి కుప్పకూలిపోతాడు. కాపాడ్డానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. చీఫ్ ఇంజనీరే చెప్పినా "పర్మిట్ ఏది సార్" అని అడుగు. పిరికిదనుకుంటే అనుకోనీ.

క్యాబిన్ సంగతులు కొన్ని. బాయిలర్ సూట్లు, అంటే పైనుంచి కిందిదాకా ఒకే ముక్కగా ఉండే పని బట్టలు, మగవాళ్ళ కొలతలకే కుడతారు. జాయినింగ్ ఫారంలో నీ సైజు, సేఫ్టీ షూస్ నంబరు రాసి, అయినా ఒక జత నీది పట్టుకెళ్ళు. వదులుగా ఉన్న సూటు చెయ్యి తిరిగే షాఫ్టుకి చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. శానిటరీ న్యాప్‌కిన్లు కాంట్రాక్టు మొత్తానికి సరిపడా తీసుకెళ్ళు, దిగే రేవులో దొరుకుతాయనుకోకు. వాటిని టాయిలెట్లో వెయ్యకు. వాక్యూమ్ లైను మూసుకుపోతుంది, ఆ లైను తెరిచి శుభ్రం చేసేది ట్రైనీ ఇంజనీరే, అంటే నువ్వే.

మెస్‌రూమ్‌లో అందరితో కూర్చో, క్యారమ్స్ ఆడు, పుట్టినరోజు కేకు తిను. ఒకరి క్యాబిన్లో తలుపేసుకుని జరిగే పార్టీలకి మాత్రం వెళ్ళకు. ఎవరైనా హద్దు దాటితే అది నీ తప్పు కాదు, నీ బట్టల తప్పు కాదు, నువ్వు నవ్వినందుకూ కాదు. జరిగిన రోజే తేదీ, టైము, అక్కడున్నవాళ్ళ పేర్లు రాసిపెట్టు. ప్రతి ఓడ మీదా నోటీసు బోర్డు దగ్గర డీపీఏ ఫోన్ నంబరు ఉంటుంది. ఆయన ఒడ్డునుండే కంపెనీ మనిషి, కెప్టెన్ని దాటి నేరుగా మాట్లాడొచ్చు. ఎక్కిన రోజే ఆ నంబరు నీ ఫోన్లో వేసుకుని మీ అమ్మకీ పంపు. 2026 జనవరి 1 నుంచి ఓడ ఎక్కే ప్రతివాడి ప్రాథమిక శిక్షణలో వేధింపుల్ని ఆపడం, ఎదుర్కోవడం కూడా పాఠంగా చేర్చారు. మా రోజుల్లో ఈ మాట ఎత్తితే "సర్దుకుపో" అనేవారు. నువ్వు సర్దుకోనక్కర్లేదు.

మీ బ్యాచ్‌కి ఒక అదృష్టం ఉంది, దాని గురించి మీ కాలేజీలో ఎవరైనా చెప్పారో లేదో. ఓడల ఇంజన్లు ఇప్పుడు మారిపోతున్నాయి. 2050 ప్రాంతానికల్లా ఓడల గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాలు నికరంగా సున్నా కావాలని 2023లో ఐక్యరాజ్యసమితి నౌకాయాన సంస్థ ఐఎంఓ నిర్ణయించింది. ఆ ఏడాదే మెథనాల్‌తో నడిచే కంటెయినర్ షిప్పు లారా మేర్స్క్ నీళ్ళలోకి వచ్చింది. ఎల్ఎన్‌జీ ఓడలు ఎప్పట్నించో ఉన్నాయి, అమోనియా వెనకాలే వస్తోంది. హెవీ ఆయిల్ ఇంజను మీద పాతికేళ్ళ అనుభవం ఉన్న మగ చీఫ్‌లు కోకొల్లలు. మెథనాల్ మీద పాతికేళ్ళ అనుభవం ఎవరికీ లేదు. అందరూ కొత్తే అయిన చోట మొదలుపెట్టడం మా తరానికి దొరకలేదు. ఇలాంటి ఇంధనాల ఓడల మీద పనికి కావాల్సిన ఐజీఎఫ్ కోర్సు వీలైనంత తొందరగా చేసెయ్యి, రెండు రకాల ఇంధనాలతో నడిచే డ్యూయల్ ఫ్యూయెల్ ఓడ అడిగి మరీ ఎక్కు.

పెళ్ళయి పిల్లలు పుట్టాక ఏమిటి అన్నావు. గర్భిణిగా ఇంజన్ రూమ్‌లో పనిచెయ్యడం కుదరదు, ఆ ఖాళీకి జీతం ఇస్తారా లేదా అన్నది కంపెనీని బట్టి, సంతకం పెట్టే ముందే అడుగు. ఒడ్డున పని చాలా ఉంది. ఓడలు సర్వే చేసే ఇండియన్ రిజిస్టర్ ఉంది, మన హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది, ఓడరేవులు, ఇన్సూరెన్సు, నాలాంటి టెక్నికల్ సూపరింటెండెంట్ పని. యూపీఎస్సీ ద్వారా డీజీ షిప్పింగ్‌లో సర్వేయర్‌గా కూడా చేరొచ్చు, దానికి క్లాస్ వన్ కావాలి. దీనిలోనే మీ నాన్నకి నా జవాబు ఉంది. ఎంటెక్ ముప్పై ఏళ్ళకి కూడా చెయ్యొచ్చు. సీ టైమ్ అప్పుడు మొదలుపెట్టడం చాలా కష్టం. ముందు టికెట్, కనీసం క్లాస్ టూ దాకా. ఆ తర్వాత ఒడ్డుకొస్తావో, చీఫ్ అయ్యేదాకా తిరుగుతావో నీ ఇష్టం.

అమ్మమ్మ సంగతి మర్చిపోయాను. ఆడపిల్ల ఓడెక్కడమేమిటని ఇంకా సణుగుతోందట కదా. ఆవిడకి రాధికా మీనన్ కథ చెప్పు. 2015 జూన్‌లో కాకినాడ నుంచి బయల్దేరిన దుర్గమ్మ అనే చేపల పడవ ఇంజను చెడి, లంగరు తెగి, తుఫానులో కొట్టుకుపోయింది. ఏడుగురు మనుషులు. తిండీ నీళ్ళూ సముద్రం పాలై, చేపల కోసం తెచ్చుకున్న ఐసు ముక్కలు చప్పరించి బతికారు. ఒడిశా తీరానికి దూరంగా సంపూర్ణ స్వరాజ్య అనే ట్యాంకర్ వాళ్ళని చూసింది. ఇరవై అయిదడుగుల అలల్లో ఒకసారి కాదు, మూడోసారికి గానీ అందలేదు, అయినా కెప్టెన్ ఓడ తిప్పుకుని మళ్ళీ మళ్ళీ వచ్చి పైలట్ ల్యాడర్ మీంచి ఏడుగుర్నీ పైకి లాగించింది. ఇళ్ళల్లో అప్పటికే ఆశ వదిలేసుకున్నారు. ఆ కెప్టెనే రాధికా మీనన్, కేరళలోని కొడుంగల్లూరు అమ్మాయి, రేడియో ఆఫీసరుగా మొదలై మన మర్చంట్ నేవీలో మొదటి మహిళా కెప్టెన్ అయిన మనిషి. మరుసటి ఏడు ఐఎంఓ సాహస పురస్కారం ఆవిడకే ఇచ్చారు, అది అందుకున్న మొదటి ఆడది ఆవిడే. అమ్మమ్మ దుర్గమ్మ పేరు వింటే తప్పకుండా చెయ్యెత్తి దణ్ణం పెడుతుంది, ఆ తర్వాత నీ మాట వింటుంది.

పూజా సెలవులకి భీమిలి వస్తావు కదా. ఆ వారంలో నా ఓడ ఒకటి ఇక్కడ డ్రై డాకులో ఉంటుంది, మెయిన్ ఇంజన్ యూనిట్ ఒకటి విప్పుతున్నాం. లోపలికి తీసుకెళ్తాను. గేటు పాసుకి ఆధార్ కాపీ, కాలేజీ ఐడీ కాపీ వారం ముందే వాట్సాప్ చెయ్యి. షూస్ నువ్వే తెచ్చుకో, యార్డులో నీ నంబరు దొరకదు.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం