హ్యూస్టన్ పెరట్లో మొలిచింది మన తుంగేనా? ముందు తవ్వి చూడండి

"హ్యూస్టన్‌లో మా పచ్చికలో తుంగలాంటిది లేస్తోంది, ఇది మన ఊరి తుంగేనా, ఇక్కడి మొక్కా?" అని అడిగారు. మీరు పెట్టిన ఆకు ఫొటో చూసి ఎవరూ తేల్చలేరు. ఫోన్ యాప్‌లను అసలే నమ్మకండి. మా పెరట్లో ఒకే మొక్కకు పొద్దున ఒక పేరు, సాయంత్రం ఇంకో పేరు చెప్పాయి.

కాండాన్ని వేళ్ల మధ్య దొర్లించండి. మూడు అంచులు తగిలి, ఆకులు మూడు వరసల్లో ఉంటే అది గడ్డి కాదు, తుంగ కుటుంబమే. టెక్సస్ పెరళ్లలో పేచీ ఎక్కువగా రెండింటి మధ్యే: బయటి నుంచి వచ్చిన మన తుంగ సైపరస్ రొటండస్, రెండోది ఇక్కడి తుంగ సైపరస్ ఎస్క్యులెంటస్. మనదాని కంకులు ముదురు ఎరుపు గోధుమ రంగు, దానివి పసుపు. మనదాని ఆకు కొన దగ్గర ఉన్నట్టుండి ముగుస్తుంది, దానిది సన్నబడుతూ సాగుతుంది. అయితే వారం వారం పచ్చిక కోయించే ఇంట్లో కంకీ మిగలదు, కొనా మిగలదు. అందుకే నేను గడ్డనే నమ్ముతాను.

నిరుడు తెనాలి నుంచి మా అమ్మ వచ్చినప్పుడు వంకాయ మడిలో పారతో లోతుగా ఒక పెళ్ల లేపింది. మట్టి విదిలిస్తే నల్లటి గడ్డలు ఒకే వేరుకు పూసల్లా వరసగా వేలాడాయి. ఒకదాని పొట్టు గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుని, "తుంగముస్తలురా, నలుగుపిండిలో వేస్తాం కదా" అంది. లోపల తెల్లగా, ఘాటైన సువాసన. కొరికితే చేదు. రెండోదానికి వేరు చివర ఒక్కటే గడ్డ, నున్నగా, రుచికి తియ్యగా ఉంటుంది. మందు కొట్టిన పచ్చికైతే మాత్రం నోట పెట్టకండి, వాసన చాలు.

1977లో కలుపు శాస్త్రవేత్తలు ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపుగా మొదటి స్థానం ఇచ్చింది మన తుంగకే. అలాంటిదానికి ఇక్కడి దుకాణంలో నాకు గడ్డిజాతిని మాత్రమే చంపే మందు అంటగట్టారు! అది తుంగను తాకను కూడా తాకదు. పచ్చికలో కొట్టే మందు డబ్బా మీద తుంగను చంపే హాలోసల్ఫ్యూరాన్ పేరు ఉందో లేదో చూసి కొనండి, కూరగాయల మడిలో అది వద్దు. పైపైన పీకితే గడ్డలు లోపలే ఉండి మళ్లీ మొలుస్తాయి. మట్టి తిరగదున్నే టిల్లర్ అయితే తిప్పించనే వద్దు, వరస తెగిన ప్రతి గడ్డా విడిగా మొలకెత్తుతుంది.