అభిమాన సంఘం బ్లాగు తరలింపు: ముందు ఫొటోలు దించుకోండి

చిత్తూరు మిత్రులకు నమస్కారం. మీ సంఘం బ్లాగును గూగుల్ వారి బ్లాగర్ నుంచి మరో బ్లాగు వేదిక అయిన వర్డ్‌ప్రెస్‌కు మార్చితే పాత టపాలు, వ్యాఖ్యలు పోతాయేమోనని అడిగారు. అవి పోవు, బ్లాగర్ సెట్టింగుల్లో తీసుకునే బ్యాకప్ ఫైలులో రెండూ ఉంటాయి, దానిని వర్డ్‌ప్రెస్‌లో దిగుమతి చేస్తే చాలు.

అసలు చిక్కు ఫొటోలతోనే. ఆ ఫైలులో వాటి లంకెలే ఉంటాయి కనుక, బొమ్మలను విడిగా దించుకోకుండా పాత ఖాతాను వదిలేస్తే, తిరుపతి థియేటరు ముందు కటౌటుకు దండ వేస్తున్న ఫొటో ఉండవలసిన చోట ఒకనాటికి ఖాళీ గడి మిగలవచ్చు. ఇటువంటివి మళ్ళీ దొరకవు.

బ్లాగు తెరిచిన మిత్రుడు ఇప్పుడు పట్టించుకోవడం లేదన్నారు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది కాబట్టి, ఈ వారమే ఆయనచేత లాగిన్ చేయించి, మిమ్మల్ని అడ్మిన్‌గా చేర్పించుకోండి.