వీధి కింద బోర్లు సరే, డబ్బు ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు బోస్టన్ దగ్గర ఫ్రేమింగ్‌హామ్‌లో ఉంటారు. అక్కడ వీధుల్లో బోర్లు వేసి, చలికాలం ఇళ్లు వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంచుతున్నారట, అంతా గవర్నమెంటు డబ్బేనట. నిజమేనా? మన మునిసిపాలిటీలూ అలా అడగొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బోర్ల సంగతి నిజమేనండీ, డబ్బు సంగతి మాత్రం సగమే నిజం. అక్కడ 2024 జూన్‌లో మొదలైన, బోర్లనీ ఇళ్లనీ కలిపే పైపులైను వేసింది ఎవర్‌సోర్స్ అనే గ్యాస్ కంపెనీ. రాష్ట్ర నియంత్రణ సంస్థ ఒప్పుకుంది కాబట్టి ఆ ఖర్చు కంపెనీ వినియోగదారుల బిల్లుల్లోంచి రాబట్టుకోవచ్చు. ఫెడరల్ సాయం వచ్చింది దాన్ని పెంచే ప్లానుకి. 2023లో అమెరికా ఇంధన శాఖ ఈ ఊరితో సహా 11 చోట్లకి కలిపి 1.3 కోట్ల డాలర్లు ఇచ్చింది, అదీ తవ్వకానికి కాదు, ఎన్ని బోర్లు కావాలి, ఎంతవుతుంది, ఎవరు చేరతారు అని లెక్క తేల్చడానికి.

వినడానికి చప్పగా ఉన్నా, నన్నడిగితే సర్కారు డబ్బు ముందు పడాల్సింది ఆ లెక్కల మీదే. వందల అడుగుల లోతు బోరు వేశాక నేల పనికిరాదని తేలితే ఆ నష్టం ఏ చిన్న ఊరు భరిస్తుంది? కొలరాడో రాష్ట్రం కూడా 2022లో 1.2 కోట్ల డాలర్లతో గ్రాంట్లు పెట్టి ఇలాంటి స్టడీలకీ డబ్బిచ్చింది.

ఇక మన దగ్గరికొస్తే, చిక్కు డబ్బుతో కాదు, ఎండతో. అక్కడ హీట్ పంపు అనే కరెంటు యంత్రంతో ఎండాకాలం ఇళ్లలోంచి లాగిన వేడిని నేలలోకి పంపి, చలికాలం మళ్లీ తోడుకుంటారు. ఖమ్మంలో హీటరు ఎవరు వేస్తారు? ఏడాదంతా వేడిని లోపలికి తోస్తూ పోతే నేల వేడెక్కుతుంది, కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఏసీతో పాటు రోజూ వేడినీళ్లూ కావాల్సిన ఆసుపత్రి లాంటి చోటైతే లెక్క కుదరొచ్చు. కేంద్రం 2025లో తెచ్చిన జియోథర్మల్ (నేలలోని వేడి) పాలసీలో ఈ హీట్ పంపుల ప్రస్తావన ఉంది కాబట్టి, అడిగేవాళ్లు ముందు స్టడీకి అడగాలి. మీకు దగ్గర్లోనే మణుగూరు పగిడేరులో సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల ప్లాంటు వేరే కథ, అది భూమిలోంచి వచ్చే వేడినీటితో కరెంటు తీసేది.

అమ్మాయి ఇల్లు ఆ లైనులోనే ఉంటే, హీట్ పంపు కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి, ఒక జనవరి బిల్లు పంపమనండి. లెక్క వేసి చూద్దాం.