అడగండి, చెబుతాం: ఈ వారం పులిట్జర్ గురించి

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా ఊరాయన ఇంగ్లిష్‌లో కవితల పుస్తకం వేశారు. అది పులిట్జర్‌కు నామినేట్ అయిందని ఊళ్లో ఫ్లెక్సీలు కట్టారు, సన్మానానికి చందాలు కూడా అడుగుతున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

పులిట్జర్ అంటే జర్నలిజానికీ, పుస్తకాలకూ, సంగీతానికీ అమెరికాలో ఏటా ఇచ్చే బహుమతి. చందా ఇచ్చేముందు ఒక్క మాట అడగండి: ఫైనలిస్టుల్లో ఆయన పేరుందా? అర్హత ఉన్న పుస్తకం ఎవరిదైనా సరే, 75 డాలర్ల ఫీజు కట్టి ఎంట్రీ పంపొచ్చు. రచయితే పంపుకోవచ్చు, ప్రచురణకర్త పంపొచ్చు, బావమరిది పంపినా వద్దనరు. ఇలా పంపడాన్ని నామినేషన్ అని చెప్పుకునేవాళ్లు అమెరికాలోనే బోలెడుమంది, కాబట్టి మీ ఊరాయన ఒక్కడినే అనడానికి లేదు. వచ్చిన ఎంట్రీలన్నీ జ్యూరీ చదివి ఒక్కో విభాగానికి మామూలుగా మూడేసి పేర్లు పైకి పంపుతుంది. నామినేటెడ్ ఫైనలిస్టులు అంటే వాళ్లే. ఆ పేర్లు కూడా ముందు చెప్పరు, విజేతతో పాటే బయటపెడతారు (1980 నుంచి ఇదే పద్ధతి). అంటే ఫలితాలు రాకముందే 'నామినేట్ అయింది' అని ఎవరన్నా అంటే దాని అర్థం ఫీజు కట్టారని మాత్రమే. ఫైనలిస్టుల జాబితా పులిట్జర్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఏడాదివారీగా ఉంటుంది, రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. పుస్తకం బాగుంటే సన్మానం ఎలాగూ చేయండి, దానికి పులిట్జర్ దేనికి?

ప్రశ్న: జ్యూరీ ఎంపిక చేసినా బహుమతి రాకుండా పోతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

పోతుంది, అసలు కథంతా అక్కడే ఉంది. జ్యూరీ చేసేది సిఫార్సు. తేల్చేది పులిట్జర్ బోర్డు. 2012లో నవలల జ్యూరీ మూడు పుస్తకాలు ఎంచి పంపితే బోర్డులో దేనికీ మెజారిటీ రాలేదు, ఆ ఏడాది నవలకు బహుమతే లేదు! 1974లో జ్యూరీ సభ్యులు ముగ్గురూ ఒకే నవల పేరు చెప్పినా బోర్డు కాదంది. అన్నిటికన్నా ఘోరం 1965 నాటిది. జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని సంగీత జ్యూరీ చెబితే బోర్డు ఒప్పుకోలేదు, జ్యూరీలో ఇద్దరు రాజీనామా చేశారు. ఆయన పోయాక, 1999లో, శతజయంతి ఏడాది పిలిచి ఇచ్చారు. బతికున్నప్పుడు పట్టించుకోకుండా పోయాక దండలు వేయడం మనకొక్కరికే చేతనైన విద్య కాదన్నమాట. 1943లో సంగీత బహుమతి మొదలైతే జాజ్‌కు మొదటిసారి వచ్చింది 1997లో. 2018లో మాత్రం ఏకంగా ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్‌కు ఇచ్చారు. చాలామందికి నచ్చలేదు కానీ నాకు అది సరైన పనే అనిపించింది.

ప్రశ్న: పులిట్జర్ అసలు ఎల్లో జర్నలిజం చేసినవాడని విన్నాను. అలాంటివాడి పేరు మీద జర్నలిజానికి అవార్డా?
– ఒక జర్నలిజం విద్యార్థి, హైదరాబాద్

విన్నది నిజమే. హంగరీలో పుట్టి, అమెరికా అంతర్యుద్ధంలో సైనికుడిగా చేరడానికి 1864లో ఓడెక్కిన కుర్రాడు, తర్వాత పత్రికలు కొని న్యూయార్క్ 'వరల్డ్'ను నడిపాడు. హర్స్ట్ అనే మరో పత్రికాధిపతితో సర్క్యులేషన్ కోసం పోటీపడి 1890ల్లో ఇద్దరూ వార్తల్ని ఎంత రంగులద్దాలో అంతా అద్దారు. అదే పత్రిక 1887లో నెల్లీ బ్లై అనే విలేకరిని పిచ్చిదానిలా నటింపజేసి మానసిక రోగుల ఆసుపత్రిలోకి పంపి అక్కడి దారుణాలు బయటపెట్టింది, అదీ చెప్పుకోవాలి. జర్నలిజం స్కూలు పెట్టండి, డబ్బు నేనిస్తానని 1892లోనే కొలంబియా యూనివర్సిటీని అడిగితే వాళ్లు అప్పట్లో ముందుకు రాలేదు. 1911లో ఆయన పోయాక వీలునామా ప్రకారం 20 లక్షల డాలర్లు అందాయి, స్కూలు 1912లో, బహుమతులు 1917లో మొదలయ్యాయి. పేరు కడుక్కోవడానికి ఇచ్చాడా, నిజంగా మారాడా అంటే రెండూ కొంచెం కొంచెం అని నా లెక్క. బహుమతి కూడా మచ్చ లేనిదేం కాదు. 1981లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి ఒకరు హెరాయిన్‌కు బానిసైన ఎనిమిదేళ్ల పిల్లాడి కథ రాసి గెలిచారు, తీరా ఆ పిల్లాడే లేడని తేలి వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది.

ప్రశ్న: డబ్బు ఎంత?
– ఒక పాఠకుడు, కర్నూలు

15 వేల డాలర్లు. ప్రజాసేవ విభాగానికి మాత్రం బంగారు పతకం, అది పత్రికకు వెళ్తుంది, నగదు ఉండదు.

ప్రశ్న: మనవాళ్లకు ఎవరికైనా వచ్చిందా? తెలుగు పుస్తకం పంపొచ్చా?
– ఒక కథకురాలు, విజయనగరం

భారతీయుల్లో మొదట 1937లో గోవింద్ బిహారీ లాల్‌కు వచ్చింది, సైన్స్ వార్తలకు, మరో నలుగురితో కలిపి. ఆయన పనిచేసింది హర్స్ట్ సంస్థలో, పులిట్జర్ ఆత్మ ఏమనుకుందో! భారతీయ మూలాలున్న రచయితల్లో ఝుంపా లాహిరి (2000), సిద్ధార్థ ముఖర్జీ (2011), విజయ్ శేషాద్రి (2014) ఉన్నారు. ఫొటోల్లో మనవాళ్ల జోరు ఎక్కువ. 2020లో కశ్మీర్ ఫొటోలకు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్లు ముగ్గురికి, 2022లో మన కరోనా రోజుల ఫొటోలకు రాయిటర్స్ వాళ్లు నలుగురికి వచ్చింది. ఆ నలుగురిలో దానిష్ సిద్దిఖీ అప్పటికే అఫ్గానిస్తాన్‌లో చనిపోయారు. వాళ్లలోనే ఉన్న సన్నా ఇర్షాద్ మట్టూ బహుమతి అందుకోవడానికి వెళ్తుంటే వీసా, టికెట్ ఉన్నా ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. జర్నలిజానికి పౌరసత్వం చూడరు, అమెరికా సంస్థలో అచ్చయితే చాలు.

పుస్తకాల దగ్గర అలా కుదరదు. అమెరికాలో ఇంగ్లిష్‌లో అచ్చయి ఉండాలి, రచయిత అమెరికా పౌరుడై ఉండాలి (2025 నుంచి అక్కడ శాశ్వతంగా, దీర్ఘకాలంగా ఉంటున్నవాళ్లకూ అవకాశం ఇచ్చారు). మీ కథలకు అసలు దారి ఇంటర్నేషనల్ బుకర్. 2022లో హిందీ నవలతో గీతాంజలి శ్రీ, 2025లో కన్నడ కథలతో బాను ముష్తాక్ గెలిచింది అదే. 50 వేల పౌండ్లు రచయితకూ అనువాదకులకూ చెరి సగం. అయితే బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో ఇంగ్లిష్ అనువాదం అచ్చు కావాలి, ఎంట్రీ ప్రచురణకర్తే పంపాలి. కాబట్టి ముందు మంచి అనువాదకుల్ని పట్టుకోండి, వాళ్లకు సరిగా డబ్బివ్వండి.