నడుము కొలత సరే, మచ్చ పక్కన ఉబ్బు సంగతి?

ప్రశ్న: నా వయసు 34. రెండు సిజేరియన్లు అయ్యాయి. నడుము 90, తుంటి 102 సెంటీమీటర్లు. నడుమును తుంటితో భాగిస్తే 0.7 రావాలని చదివాను. లైపోసక్షన్‌తో (కొవ్వును గొట్టంతో లాగేసే ఆపరేషన్) అంత తగ్గుతుందా? దగ్గినప్పుడు ఆపరేషన్ మచ్చ పక్కన కొద్దిగా ఉబ్బుతుంది కానీ నొప్పి లేదు. బరువు తగ్గాలని మా అక్క థైరాయిడ్ మాత్రలు రెండు నెలలుగా వేసుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చివర్లో తేలిగ్గా రాసిన రెండు విషయాలే నన్ను కలవరపెడుతున్నాయి. దగ్గితే మచ్చ దగ్గర ఉబ్బడం హెర్నియా కావచ్చు, అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకురావడం. లైపోసక్షన్ గొట్టం చర్మం కింది కొవ్వులో, కంటికి కనిపించకుండా కదులుతుంది కాబట్టి, ఆ ఉబ్బులో పేగు ఉంటే దానికి చిల్లు పడే ప్రమాదం ఉంది. ముందు సర్జన్‌కు చూపించి, అవసరమైతే స్కానింగ్ చేయించుకోండి.

ఇక మాత్రల సంగతి. అక్కకు రాసిన మందు చెల్లెలు వేసుకోవడం ఏమిటమ్మా? థైరాయిడ్ లోపం లేనివారు బరువు తగ్గడం కోసం థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్రల్లో ఉండే హార్మోన్) వాడితే గుండె దడ, గుండె లయ తప్పడం, ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారడం వంటివి రావచ్చు. పైగా లైపోసక్షన్‌లో రక్తస్రావం తగ్గించడానికి ఎక్కించే ద్రవంలో అడ్రినలిన్ ఉంటుంది; థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైన గుండె దానికి మరింత తీవ్రంగా స్పందించవచ్చు. ఈ మాత్రల మాట సర్జన్ దగ్గరా, మత్తు డాక్టర్ దగ్గరా దాచకండి. ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలిసి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్త పరీక్షలు, ఈసీజీ చేయించుకోండి. పరీక్షలు చూసి ఆయన చెప్పేవరకు అక్క మాత్రలు ముట్టుకోవద్దు.

మీ లెక్క ప్రకారం ఇప్పుడు నిష్పత్తి 0.88. స్త్రీలలో అది 0.85 దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సంఖ్య ఆరోగ్యానికి సంబంధించినది. మీరు కోరుకునే 0.7 రావాలంటే నడుము సుమారు 71కి దిగాలి. అంత తగ్గుతుందని మిమ్మల్ని చూడకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు. చర్మం కింది కొవ్వు ఎంతో, పేగుల చుట్టూ పేరుకున్నది ఎంతో, కాన్పుల తర్వాత పొట్ట కండరాలు దూరం జరిగినందువల్ల వచ్చిన పొట్ట ఎంతో టేపు చెప్పదు. లైపోసక్షన్ తీయగలిగింది మొదటిదాన్నే. అందుకే సర్జన్లమైన మేము ఆపరేషన్‌కు ముందు చర్మాన్ని వేళ్ల మధ్య పట్టి చూసి, మిమ్మల్ని నిలబెట్టి, కొవ్వు మందాన్ని బట్టి చర్మంపై ఒకదానిలో ఒకటిగా వలయాలు గీస్తాం. పడుకుంటే ఆ కొవ్వు పక్కలకు జారి ఆకారమే మారిపోతుంది.

ఉబ్బు గట్టిపడినా, లోపలికి పోకపోయినా, నొప్పితో వాంతులైనా, దడతో ఆయాసం లేదా ఛాతీ నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.